సైకిలు సీటు ఎత్తండి, అన్నం మానకండి

సంపాదకుల వారికి,

సంక్రాంతి వెళ్లగానే కోనసీమ కాలువ గట్ల మీద సైకిళ్లు కనిపిస్తాయి. శివరాత్రి నాటికి సగం తగ్గిపోతాయి. చదువుకునే రోజుల్లో హాయిగా తొక్కినవాళ్లే, పెళ్లీ పిల్లలతో వదిలేసి, నలభై దాటాక మళ్లీ ఎక్కి, నెల తిరక్కుండా దిగిపోతున్నారు. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. సైకిలు ఒంటికి అమరదు, పైగా బరువు తగ్గాలని అదే వారం అన్నం మానేస్తారు. ఎక్కువమంది దెబ్బతినేది ఈ రెండింటి దగ్గరే.

ముందు సీటు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు బాగా దించుకుంటారు. అప్పుడు మోకాలు చాచుకునే వీలుండదు. వంగిన మోకాలి మీదే భారమంతా పడి చిప్ప దగ్గర నొప్పి పుడుతుంది. వయసు మీద పడిందనుకుని సైకిలు మూలన పెడతారు. గోడ పట్టుకుని సీటెక్కి, పెడలు అడుక్కి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా రావాలి. తొక్కేది పాదం ముందు భాగంతో కాబట్టి అప్పుడు కొద్దిగా వంపు మిగులుతుంది. అంతే కావలసింది. మోకాలి వెనక లాగితే ఒక సెంటీమీటరు దించాలి. ఎంత ఎత్తినా సీటు గొట్టం రెండున్నర అంగుళాలకు తగ్గకుండా ఫ్రేము లోపల ఉండాలి. మందపాటి మెత్తటి కవరు తొడగొద్దు, కూర్చునే ఎముకలు అందులో దిగబడి మధ్య భాగం ఒరుసుకుంటుంది. సీటు నొప్పి మామూలుగా పది రోజుల్లో సర్దుకుంటుంది.

ఏళ్లుగా పడి ఉన్న సైకిలుకు గాలి నిలవకపోతే ట్యూబు మార్చే ముందు వాల్వు విప్పి చూడండి. పాత రకం వాల్వుల్లో ఉండే సన్నటి రబ్బరు గొట్టం జిగటగా కుళ్లిపోయి ఉంటుంది. అది మార్చడం రెండు నిమిషాల పని. చైను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క మిషను నూనె వేసి, పైన మిగిలింది తుడిచెయ్యాలి. తుడవకపోతే గట్టు దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. బ్రేకు రబ్బర్లు గట్టిపడి ఉంటే మార్చందే రోడ్డెక్కకండి.

మొదటి వారం పావుగంట చొప్పున మూడు రోజులు చాలు. నెమ్మదిగా పెంచుకుంటూ ఆరో వారానికి అరగంట, ఐదు రోజులకు రండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు కనీసంగా చెప్పే వారానికి 150 నిమిషాలు అక్కడికి పూర్తవుతాయి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే వేగం. మనకు ఎత్తూపల్లం లేదు, శ్రమంతా గాలితోనే. అందుకని ఎదురుగాలికి వెళ్లి గాలివాటున తిరిగి రావాలి. వారంలో ఒక రోజు గడియారం చూడకుండా లాకుల దాకానో రేవు దాకానో వెళ్లి కాసేపు కూర్చోండి. తిరిగొచ్చేటప్పుడు కాళ్లు ఆపితే వెనక చక్రం టిక్కుటిక్కుమంటూ తనంతట తాను దొర్లుతుంది. చిన్నప్పటి సరదా అంతా ఆ చప్పుడులోనే ఉంది. దాన్ని మందులా మింగించొద్దు.

ఇక అన్నం. అరగంట నిమ్మళంగా తొక్కితే అరవై కిలోల మనిషికి ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు, రెండు ఇడ్లీల పాటి. రోజూ కాటా ఎక్కేవాళ్లు మూడో వారానికి డీలా పడేది ఇందుకే. పోనీ అని అన్నం పూర్తిగా మానేసి తెల్లారే తొక్కితే పదింటికి కళ్లు తిరుగుతాయి, పదకొండింటికి జంతికల డబ్బా ఖాళీ అవుతుంది. సైకిలు నెల రోజులు కుదురుకున్నాకే కంచం జోలికి వెళ్లండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, 2,000 కేలరీల తిండికి రోజుకు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు చెప్పారు. ఇవి వండకముందు తూకాలు. ఇంట్లో ముగ్గురికి మూడు వంటలు అక్కర్లేదు. కూర, పప్పు ముందు వడ్డించుకుని, అన్నం ఒక గరిటె తగ్గిస్తే అదే వంట అందరికీ సరిపోతుంది.

షుగరు జబ్బుకు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్లు మాత్రం పరగడుపున వెళ్లకూడదు, రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే ఆగి మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకోవాలి. అది జేబులో ఉండాలి. మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆడవాళ్లకు అడ్డం సైకిలు కాదు, పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు దాకా ఉండే పని. పాలు, టిఫిను, క్యారేజీలు, స్కూలు బస్సు. "వీలైనప్పుడు వెళ్లు" అంటే ఎప్పటికీ వీలవదు. సోమ, బుధ, శనివారాలు ఆ పని మగవాళ్లదని ముందే తేల్చుకుంటేనే సాగుతుంది. రాత్రే కూరగాయలు తరిగి పెట్టడం వాళ్లకూ వచ్చిన పనే. పిల్లల్ని వెనక క్యారియరు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లేవారు చక్రానికి జాలీ బిగించుకోవాలి, పాదం ఊచల్లో పడితే మడమ చీరుకుపోతుంది.

పంచాయతీలకు ఒక విన్నపం. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు గట్టు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. రైతుకు వేరే చోటు లేదు, తప్పుపట్టలేం. అయితే ధాన్యం ఎత్తాక రాశుల చుట్టూ పెట్టిన రాళ్లు అక్కడే ఉండిపోతున్నాయి. మసక వెలుతురులో సైకిలుకు అవి కనబడవు. ధాన్యం ఎత్తిన రోజే రాళ్లు తీయించండి, మలుపుల దగ్గర ఒక్కో దీపం వేయించండి.

ఒక వ్యాయామోపాధ్యాయుడు,
రాజోలు