శనివారం ప్రాక్టీసుకి వెళ్లు నాన్నా

సాల్స్‌బరీ, ఇంగ్లండు,
ఆదివారం రాత్రి

నాన్నకి,

ప్రభువు నామంలో వందనాలు. ఫోన్ చేస్తే "ఆ, బాగున్నాం, ఇదిగో అమ్మకిస్తన్నా" అంటావు, అంతటితో సరి. అందుకే ఈసారి ఉత్తరం. దీన్ని అమ్మ చేతికిచ్చి తప్పించుకోలేవు.

నేను బాగున్నాను. డ్యూటీ గురించి చెప్పడానికి ఏం లేదు. వార్డు మార్చారు, నైట్లు తగ్గాయి, జీతం టైముకి పడుతోంది. తింటున్నాను కూడా. మొన్న వీడియోలో ముఖం పీక్కుపోయిందని అమ్మ బెంగపెట్టుకుందంట. అది నా ముఖం కాదు, ఈ గదిలో లైటు. చలికాలమంతా ఇక్కడ పగలు కూడా లైటేసుకునే కూర్చోవాలి. కందిపొడి ఇంకా ఉంది, పంపొద్దు. పెళ్లి సంగతి పెద్దమ్మతో నేనే మాట్లాడతాను, మధ్యలో నువ్వు నలగొద్దు.

సంక్రాంతి దగ్గర్నుంచి నువ్వు గుళ్లో పాటల జట్టు, అదే క్వయర్, ప్రాక్టీసుకి వెళ్లట్లేదని అమ్మ చెప్పింది. ఆదివారం కూడా వెనక బెంచీలో కూర్చుని, పాటలప్పుడు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంటున్నావంట. తమ్ముడిని అడిగితే "నాన్నకి మా పాటలు నచ్చవక్కా" అని ఊరుకున్నాడు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే బండి మీద గుడికి వెళ్లి, ఒకరి మీద ఒకరు నాకు చెప్పుకోవడం ఏంటో మీ ఇద్దరూ.

వాడు పంపిన క్వయర్ వీడియో చాలాసార్లు విన్నాను, బస్సులో కూడా. నీకు ఎక్కడ ఒళ్లు మండిందో తెలిసిపోయింది. పల్లవి రెండో వరుసలో కదా? పుస్తకంలో పాట నెత్తిన మోహన రాగం అని అచ్చేసే ఉంది. కీబోర్డు అబ్బాయి అక్కడ ఎఫ్ కార్డు (కార్డంటే కలిపి నొక్కే మూడు స్వరాలు) పట్టాడు, వెంటనే జీ. పాడేవాళ్ల గొంతుల్లో లేని మధ్యమం, మ, కీబోర్డులోంచి వచ్చి కూర్చుంది, దాని వెనకే నిషాదం, ని. ఆ రెండూ లేకపోతేనే కదా అది మోహన. నీ చెవికి అది ఎట్లా ఉండి ఉంటుందో నాకు తెలుసు. కానీ అది తప్పని ఆ పిల్లాడికి ఎవరు చెప్పారు? సీ, జీ, ఏ మైనర్, ఎఫ్ వస్తే ఏ పాటైనా లాగించేయొచ్చని వాడు యూట్యూబులో నేర్చుకున్నాడు. నువ్వేమో "ఇది పాట కాదు, గోల" అన్నావు. గోల అంటే వాడికి ఏం అర్థమవుద్ది? సౌండు తగ్గించుకున్నాడంట పాపం.

నేను ఇక్కడ మా చర్చిలో గిటారు వాయించే ఆవిడ పక్కన కూర్చుని లెక్కేసుకున్నాను. సీని స అనుకుంటే, సీ మేజర్ అంటే స, గ, ప. ఏ మైనర్ అంటే ద, స, గ. రెండూ మోహన లోపలివే. ఆ రెండిటితో పాట నడుస్తుంది. ఇవి కుదరని చోట ఉత్త స, ప పట్టుకుని ఉంటే చాలు, నువ్వు హార్మోనియం మీద ఎట్లా పడతావో అట్లా. ఆ పిల్లాడు ఏ శ్రుతి అయినా సీలోనే వాయించి, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పెంచుకుంటాడు, దించుకుంటాడు. కాబట్టి ఈ లెక్క ఒక్కసారి నేర్చుకుంటే మోహనలో ఉన్న ప్రతి కీర్తనకీ వాడికి పనికొస్తుంది. ఇది నేను ఫోన్లో అయిదు నిమిషాల్లో చెప్పగలను. చెప్పను. నీకు రాగం తెలుసు, వాడికి కార్డులు తెలుసు, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే కల్యాణి, మధ్యమావతి లాంటి మిగతా రాగాల సంగతీ మీరే తేల్చుకుంటారు.

తాళం గొడవ కూడా అంతే. ఏడు దెబ్బల మిశ్ర చాపు పాటని ఎనిమిదికి సాగదీశారు, నిజమే. తకిట తకధిమి అని ఏడు పడాల్సిన చోట ప్యాడ్‌లో, అదే ఆ తాళాలేసే పెట్టెలో, ఉన్న రిథమ్ నాలుగేసి వెళ్తుంటే, పాపం పాట దాని వెనక కాళ్లీడ్చుకుంటూ పోయింది. ఆ పెట్టెలో ఏడు లేదు నాన్నా. రిథమ్ ఆపి చేత్తో వాయించాలి, వాయించాలంటే ముందు ఏడు లెక్కపెట్టడం రావాలి. అది నేర్పగలిగినవాళ్లు మన సంఘంలో ఎంతమంది మిగిలారు? నువ్వు, ఇంకొకాయన. ఆయనకి మోకాళ్లు.

క్రిస్మస్ రోజు నువ్వు ముందు బెంచీలోంచి గట్టిగా చప్పట్లు కొట్టి తాళం సరిచేశావని విన్నాను. ప్యాడ్ పిల్లాడు ఆ తర్వాత రావడం మానేశాడంట, వాళ్లమ్మ మన అమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుందంట. నీకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, అందుకే నేను చెప్తున్నా. నీ మీద కోపంతో కాదు. నాకు చిన్నప్పుడు తాళం తప్పితే నువ్వు గుళ్లో ఒక్క మాట అన్నావా? ఇంటికొచ్చి, అన్నం తిన్నాక, మెట్ల మీద కూర్చోబెట్టి తొడ మీద వేయించేవాడివి. తప్పితే మళ్లీ మొదటి నుంచి. దోమలు కుడుతున్నా లేవనిచ్చేవాడివి కాదు. అట్లా నేర్చుకున్నదే ఇక్కడ నాకు అన్నం పెట్టకపోయినా తోడుంటోంది.

ఇక్కడి పెద్ద గుడి, సాల్స్‌బరీ కెథీడ్రల్, గురించి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. శిఖరం 123 మీటర్లు, ఈ దేశంలో చర్చి శిఖరాల్లో ఇదే ఎత్తు. నేను వెళ్లేది దాన్ని చూడ్డానికి కాదులే. డ్యూటీ లేని సాయంత్రాలు ప్రార్థనకి వెళ్లి కూర్చుంటా. పిల్లల క్వయర్ పాడుతుంది. ఎనిమిదేళ్ల వాళ్ల నుంచి పదమూడేళ్ల వాళ్ల దాకా ఉంటారు. పొద్దున బడి గంట కొట్టకముందే వాళ్లకి ప్రాక్టీసు. ఆడపిల్లలకి విడిగా క్వయర్ 1991లో పెట్టారు, ఇంగ్లండు కెథీడ్రళ్లలో అట్లా పెట్టడం ఇక్కడే మొదలంట. కొత్తగా చేరిన పిల్లని ఎప్పుడూ పాత పిల్ల పక్కనే నిలబెడతారు. మొన్న ఒక చిన్నది వరుస తప్పిపోయి బిక్కమొహం వేసింది. పక్కనున్న పెద్దపిల్ల తన పాట ఆపలేదు, తలైనా తిప్పలేదు. చెయ్యి మాత్రం చాచి ఆ చిన్నదాని పుస్తకంలో వరుస మీద వేలు పెట్టింది. చిన్నది అందుకుంది. కూర్చున్నవాళ్లలో ఎవరూ గమనించలేదు. నాకెందుకో ఆ రాత్రంతా నువ్వే గుర్తొచ్చావు.

ఇంగ్లిషు గుడికి వెళ్తున్నానని పిన్ని ఏదో అన్నదంట కదా, మన పాటలు మర్చిపోతానని. తెలుగువాళ్ల కూడిక నెలకొకసారి వేరే ఊళ్లో జరుగుద్ది, సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి వెళ్తూనే ఉన్నా. అక్కడ కీర్తన ఎత్తమని నన్నే అడుగుతారు. మర్చిపోయినదాన్నైతే ఎందుకు అడుగుతారు? పిన్నికి చెప్పు.

రాయల్ స్కూల్ ఆఫ్ చర్చ్ మ్యూజిక్ అని ఇక్కడ ఒక సంస్థ ఉంది. గుళ్లలో పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి నేర్పడమే దాని పని. 1927లో మొదలైంది. మన ఏ.ఇ.ఎల్.సి., ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, ఏర్పడిందీ ఆ ఏడే కదా, ఇద్దరూ ఒక ఈడువాళ్లు. ఆత్మతోనూ పాడతాను, మనసుతోనూ పాడతాను అని పౌలు కొరింథీయులకు రాసిన మాటనే వాళ్లు లాటిన్‌లో తమ నినాదంగా పెట్టుకున్నారు. తమ్ముడి జట్టుకి ఆత్మ ఉంది నాన్నా. శనివారం సినిమాకి పోకుండా గుళ్లో చాపేసుకుని కూర్చునే కుర్రాళ్లని ఏమంటావు? లేనిది రెండోది, అది నీ దగ్గరుంది.

నువ్వే సండే స్కూల్లో మాకు బైబిల్లో దినవృత్తాంతాలు వల్లె వేయించావు. దావీదు పాటకులని నియమించినప్పుడు నేర్పు పొందినవాళ్లు 288 మంది, ఇరవై నాలుగు వరుసలు, వరసకి పన్నెండు మంది. చీట్లు వేసినప్పుడు గురువని, శిష్యుడని తేడా చూడలేదని కూడా నువ్వే చెప్పావు. ఆ నేర్పు వాళ్లకి ఊరికే వచ్చి ఉండదుగా.

కీబోర్డు మన గుడి సామాను కాదంటావు. మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చినప్పుడు నీ హార్మోనియం మాత్రం ఉందా? అది ఫ్రాన్సు నుంచి వచ్చింది. నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొట్టేలా కలకత్తాలో మార్చుకున్నాం. అది గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, పలకదని ఆలిండియా రేడియో వాళ్లు 1940లో బయటికి పంపి 1971 దాకా రానివ్వలేదని, ఆ కోపం నీకు ఇప్పటికీ పోలేదని నాకు తెలుసు. నువ్వు కీబోర్డుని అంటున్నవి అవే మాటలు. నవ్వకు, ఆలోచించు.

అట్లాగని అంతా నీ వైపే తోసేయట్లేదు. వాళ్లు శ్రుతి మరీ ఎత్తుకుంటున్నారు. రికార్డింగులో ఎంత ఉంటే అంతే పాడాలంట. చరణం ఎత్తుకోగానే స్త్రీల సమాజం బెంచీలు మొత్తం చల్లబడ్డాయి, వీడియోలో కనపడుతోంది. మన మామ్మ పెదాలు కదపడం మానేసి కొంగు సర్దుకుంటోంది. సంఘం పాడలేని శ్రుతిలో నలుగురు మైకుల ముందు పాడితే అది కచేరీ. తమ్ముడికి ఈ మాట గట్టిగానే చెప్పాను, రెండు మెట్లు దించమన్నాను. ఎకో కూడా తగ్గించమన్నాను. పాడేవాడు బావిలో పడి అరుస్తున్నట్టుంది, సాహిత్యం ఒక్క ముక్క తెలియట్లేదు. బాస్ గిటారు ఉన్నప్పుడు కీబోర్డు ఎడమ చెయ్యి కింద మెట్ల మీద పెట్టొద్దని, రెండూ కలిసి బురదగా వినపడతాయని కూడా చెప్పాను. ఇక్కడ మా జట్టులో ఇంకొక అలవాటు ఉంది. వాద్యాలు ముట్టుకోకముందు పాట మాటలు పైకి చదువుతారు, అందరూ, మామూలుగా మాట్లాడినట్టు. కీర్తనల్లో సగం మాటలు మన కుర్రాళ్లకి తెలియవు, నువ్వు చదివి అర్థం చెప్తే వాళ్లు పాడే తీరే మారుద్ది.

కొత్త మిక్సరుకి, స్పీకర్లకి డబ్బు పంపమని అడిగాడు. పంపను. ఉన్న మిక్సరు ఎవరికి వాడటం వచ్చు? నీ హార్మోనియం బాగుకి మాత్రం ఈ నెల పంపుతున్నా. తిత్తి గాలి పోతోందని, రెండు రీడ్లు బొంగురుపోయాయని ఎప్పటినుంచో అంటున్నావు. బెజవాడ తీసుకెళ్లి చేయించుకో. బస్సులో పైన పెట్టకు, ఒళ్లో పెట్టుకో. ఆ డబ్బు అమ్మ పళ్లకి వాడొద్దు, దానికి వేరే పంపాను.

భస్మ బుధవారం అయిపోయింది, గుడ్ ఫ్రైడే ఎంతో దూరం లేదు. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మధ్య ఏడు పాటలు, పన్నెండు నుంచి మూడింటి దాకా. పోయిన ఏడాది రికార్డు చేసిన ట్రాకులు పెట్టి పాడితే మూడో మాట దగ్గర పెన్ డ్రైవ్ మొరాయించి అయ్యగారు అట్లాగే నిలబడిపోయారని నువ్వే నవ్వుతూ చెప్పావు. ఈసారి ట్రాకులొద్దు. నాలుగు పాటలు నీవి, మూడు వాళ్లవి. మిశ్ర చాపుది ఒక్కటైనా ఉండాలి. ముందు ఆ ప్యాడ్ పిల్లాడి ఇంటికి వెళ్లు. ఏం మాట్లాడక్కర్లేదు, క్షమాపణలు నీకు చేతకావని మాకందరికీ తెలుసు. "శనివారం రా, ఏడు నేర్పుతా" అను చాలు. వాళ్లమ్మ టీ ఇస్తే తాగు, చక్కెర లేకుండా.

బాగా వాయించినప్పుడు బాగుందని కూడా అను. నువ్వు ఏమీ అనకపోతే బాగున్నట్టని మాకు తెలుసు, వాళ్లకి తెలియదు.

ప్రాక్టీసు సాయంత్రం ఆరింటికే కదా? ఇక్కడ పన్నెండున్నర అవుద్ది. మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, ఆ తర్వాత ఒంటిగంటన్నర. సెలవైతే వీడియో కాల్ పెట్టించు, ఫోన్ కిటికీలో పెట్టమను. నేను వింటాను అంతే, మధ్యలో మాట్లాడను.

అమ్మని థైరాయిడ్ బిళ్ల పరగడుపునే వేసుకోమను, కాఫీ తాగాక కాదు. నీ షుగర్ రిపోర్టు తమ్ముడి చేత ఫోటో తీయించి పంపు. నువ్వు ఫోన్లో చెప్పే నంబర్లు నేను నమ్మను.

ఉంటాను నాన్నా.

నీ పెద్దమ్మాయి

ఈ ఉత్తరం తమ్ముడికి చూపించకు. వాడికి విడిగా రాశాను, అందులో ఏముందో నువ్వూ అడక్కు.