బయటికెళ్తే మళ్ళీ టికెట్టా?

సంపాదకుడి గారికి,

నమస్కారం. సెలవుల్లో వేరే ఊరు వెళ్ళినప్పుడు మూడేళ్ళ బాబునీ, ఆరేళ్ళ పాపనీ అక్కడున్న పిల్లల మ్యూజియానికి తీసుకెళ్ళాం. మా అత్తయ్యగారు కూడా వచ్చారు.

లోపలికి అడుగుపెట్టగానే ఒక గాలి గొట్టం ఉంది. మనిషికన్నా ఎత్తు, లోపల ఏం జరుగుతోందో కనిపించే ప్లాస్టిక్. కింద కన్నంలో గుడ్డముక్క పెడితే గాలి దాన్ని జుయ్యిమని పైకి లాక్కెళ్ళి మన నెత్తిమీద పడేస్తుంది. మావాడు అక్కడే ఆగిపోయాడు. పదిసార్లో పన్నెండుసార్లో అదే గుడ్డ, అదే కన్నం. తర్వాత ఏమనిపించిందో, గుడ్డని ఉండలా నలిపి పెట్టాడు. అది సగం దాకా వెళ్ళి అక్కడే ఊగుతూ నిలబడింది. వాడు నోరు తెరుచుకుని చూశాడు. కాసేపటికి ఉండ కిందికి జారింది. దాన్ని విప్పి, రెండు చేతులతో సాపు చేసి మళ్ళీ పెట్టాడు. ఈసారి ఎగిరింది. ఎవరూ చెప్పలేదు, బోర్డు చదివే వయసూ కాదు.

ఇంతలో నేను మాత్రం “పద నాన్నా, లోపల ఇంకా బోలెడున్నాయి” అని నాలుగైదుసార్లు తొందరపెట్టాను. ఎక్కడికి ట్రిప్పుకెళ్ళినా మనకి ఇదే జబ్బు, డబ్బులు పెట్టాం కాబట్టి అన్నీ చూసెయ్యాలి. చివరికి అత్తయ్యగారే “వాడికి మ్యూజియం అంటే ఇదేనమ్మా, ఉండనీ” అన్నారు.

పాప పై అంతస్తులో చెక్కముక్కలతో వంపు వంతెన కడుతూ కూర్చుంది. రెండుసార్లు కూలింది. మూడోసారి సగం నిలబడేసరికి బాబుకి ఆకలి వేసి ఏడుపు మొదలుపెట్టాడు. లోపల తినకూడదు. ఆ నిబంధనతో నాకు పేచీ లేదు, ఆటవస్తువుల మధ్య తిండి పడితే ఎవరు శుభ్రం చేస్తారు? పది నిమిషాలు బయట తినిపించి వద్దామని గేటు దగ్గరికి వెళ్తే, బయటికెళ్తే టికెట్ చెల్లదన్నారు. తిప్పి చూస్తే టికెట్ వెనకాల చీమల్లాంటి అక్షరాల్లో ఉంది ఆ ముక్క. గేటు దగ్గరి మనిషిని తప్పుపట్టను. “రోజూ ఇదే గొడవమ్మా, నా చేతుల్లో ఏముంది” అన్నాడు పాపం. నలుగురికీ మళ్ళీ టికెట్ కొనలేక వచ్చేశాం. “నా వంతెన ఎవరో పడగొట్టేస్తారు” అని పాప దారంతా ఒకటే గోల.

ఈ ఉత్తరం ఆ ఒక్క నిబంధన గురించే. ఒకసారి లోపలికొస్తే చూసి వెళ్ళిపోవడమే అన్న పద్ధతి సినిమా హాలుకి సరిపోతుంది. మూడేళ్ళవాడికి ఆకలి, నిద్ర, బాత్రూం చెప్పి రావు. టికెట్ ఇంకొకరికి ఇచ్చేస్తారన్న భయం ఉంటే చేతిమీద ముద్ర వెయ్యొచ్చు. విప్పితే చిరిగిపోయే కాగితపు పట్టీ మణికట్టుకి కట్టొచ్చు. ఇవేమీ పెద్ద ఖర్చు కాదు, చాలాచోట్ల చేస్తున్నదే.

అసలు ఈ మ్యూజియాల పుట్టుకే పిల్లల తీరుకి తగ్గట్టు జరిగింది. ప్రపంచంలో మొదటిదిగా చెప్పే పిల్లల మ్యూజియం 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తెరిచారు. 1962లో బోస్టన్ పిల్లల మ్యూజియానికి డైరెక్టరుగా వచ్చిన మైఖేల్ స్పాక్ (పిల్లల డాక్టరుగా ప్రపంచమంతా పేరున్న బెంజమిన్ స్పాక్ కొడుకే) అద్దాల పెట్టెల్లో ఉన్న వస్తువుల్ని పిల్లల చేతుల్లోకి తెచ్చాడు. 1976లో ఫిలడెల్ఫియాలో పెట్టినదానికైతే పేరే ‘ప్లీజ్ టచ్’ మ్యూజియం, అంటే దయచేసి తాకండి అని! తాకనిస్తే సరిపోదు కదా, తాకి తాకి విసుగొచ్చేదాకా ఉండనివ్వాలి.

ఇంకో రెండు మాటలు. మేం నొక్కిన మీటల్లో మూడు పనిచెయ్యలేదు. పిల్లలు రోజూ గుద్దే వస్తువులు పాడవకుండా ఉండవు, నిజమే. కానీ వాటిమీద ‘మరమ్మతులో ఉంది’ అన్న కాగితం రంగు వెలిసిపోయేదాకా ఉంచితే ఎలా? భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ (అణుబాంబు ఓపెన్‌హైమర్ తమ్ముడు) 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం మొదలుపెట్టినప్పుడు, వస్తువులు తయారుచేసే వర్క్‌షాపుని చూడ్డానికొచ్చినవాళ్ళ కళ్ళెదుటే పెట్టాడు. పాడైనదాన్ని బాగుచెయ్యడం కూడా పిల్లలు చూడదగ్గ సంగతే. రెండోది, కుర్చీలు. మోకాళ్ళనొప్పులున్న పెద్దావిడ రెండు గంటలపాటు గోడకి ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. పెద్దవాళ్ళు కూర్చోగలిగితే పిల్లల్ని తొందరపెట్టేవాళ్ళూ తగ్గుతారు, నాతో సహా.

ఇదంతా అక్కడి సలహాల పుస్తకంలోనే రాసి వద్దామనుకున్నాను. పుస్తకం ఉంది, పెన్ను తాడుతో కట్టి ఉంది, రీఫిల్ అయిపోయింది. అందుకే మీకు రాస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు