సంక్రాంతికి మేకపాలు ఇవ్వలేం, కారణం ఇదీ

మా దగ్గర పాలు తీసుకునే కుటుంబాలన్నిటికీ నమస్కారం. జనవరి మొదటి వారం నుంచి మార్చి చివరి దాకా పాలు ఉండవు. సంక్రాంతి పొంగలికి కావాలని ఇప్పటికే కొందరు ఫోన్ చేశారు. ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఆ మూడు నెలలూ ఇవ్వలేం.

డాలస్‌కి ఉత్తరాన ఉన్న మా చిన్న రాంచ్‌లో పెంచేవన్నీ నైజీరియన్ డ్వార్ఫ్ మేకలే. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన పొట్టి జాతి ఇది. ఆడమేక ఎత్తు 22.5 అంగుళాలు దాటకూడదని ఇక్కడి ప్రమాణం. పాలు బాగా ఇచ్చే రోజుల్లో కూడా ఒక్కోటి లీటరు నుంచి రెండు లీటర్లే ఇస్తుంది. కానీ వెన్న శాతం ఆరు దాటుతుంది కాబట్టే మీ ఇంట్లో పెరుగు అంత కమ్మగా ఉంటోంది.

ఈ జాతి ఏడాది పొడవునా ఎదకు వస్తుంది కదా, సగం మేకలు మార్చిలో, సగం ఆగస్టులో ఈనేలా చూసుకుంటే పాలు ఆగవు కదా అని మీలో ఒకరు అడిగారు. నిజమే, అలా చేసేవాళ్లు ఉన్నారు. మేం మాత్రం చెయ్యం.

టెక్సస్‌లో మేకకు పెద్ద శత్రువు కడుపులో చేరి రక్తం పీల్చే నట్టలు. వేడి, తడి కలిస్తే వాటి పిల్లపురుగులు గడ్డి పరకల మీదికి పాకుతాయి. పైగా ఈనే సమయంలో తల్లిలో రోగనిరోధక శక్తి తగ్గి, నట్టల గుడ్లు పేడలో ఒక్కసారిగా పెరుగుతాయి. ఆగస్టు ఎండలో, పొట్టలో రెండు మూడు పిల్లలతో రొప్పుతున్న మేకకు ఈ బాధ కూడా పెట్టడం మాకు ఇష్టం లేదు. వేసవిలో పాలు పితికే ముందు ప్రతి మేక కింది రెప్ప లాగి చూస్తాం. లోపలి పొర ఎర్రగా ఉంటే నిశ్చింత. పాలిపోయి తెల్లబడితే రక్తం తగ్గిందని అర్థం, దానికి మాత్రమే మందు పోస్తాం. అన్నిటికీ పోస్తే నట్టలు మందుకు లొంగకుండా పోతాయి.

ఫిబ్రవరిలో ఈనితే పాలు ముందే వస్తాయి కదా అంటారేమో. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అంత చలిలో తడి పిల్లల్ని ఆరబెట్టి బతికించుకోవడం ఎంత కష్టమో మేకలు పెంచేవాళ్లకు తెలుసు. అందుకే అక్టోబరులో పోతుతో కలుపుతున్నాం. చూడి సుమారు ఐదు నెలలు కాబట్టి మార్చిలో ఈనుతాయి. దానికి రెండు నెలల ముందే పితకడం ఆపేయాలి. కడుపులో పిల్లలు ఎక్కువగా పెరిగేది అప్పుడే, పొదుగు తేరుకునేదీ అప్పుడే. ఈనిన తర్వాత జున్నుపాలు పిల్లలకే. మీలో చాలామందికి జున్ను మీద ప్రాణం అని తెలుసు, అయినా అమ్మం. పుట్టిన పిల్లకు రోగాల్ని తట్టుకునే శక్తి వచ్చేది ఆ మొదటి పాలతోనే.

నెయ్యి తెల్లగా ఉంది, ఏమైనా కలిపారా అని ఒక అక్క అడిగారు. ఏమీ కలపలేదండి. గడ్డిలోని పసుపు రంగు పదార్థాన్ని మేక ఒంట్లోనే విటమిన్-ఎగా మార్చేసుకుంటుంది. అందుకే మేకపాలు, వెన్న, నెయ్యి అన్నీ తెల్లగానే ఉంటాయి. ఇంకో మాట: మేం ఇచ్చేవి పచ్చిపాలు. చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో తప్పకుండా కాచే వాడండి. అసలు ఎవరైనా కాచుకుని తాగడమే మేలు.

మేకపిల్లల కోసం అడుగుతున్నవాళ్లకు: ఎనిమిది వారాలు తల్లి దగ్గర పెరిగాకే ఇస్తాం. ఒక్కదాన్నే ఇవ్వం, మీ దగ్గర మేకలు లేకపోతే రెండు తీసుకోవాలి. ఒంటరి మేక రోజంతా అరుస్తూ మేత కూడా మానేస్తుంది. తల్లులకు చేయించిన సీఏఈ (మేకలకు కీళ్లవాపు తెచ్చే వైరస్ జబ్బు) రక్తపరీక్ష రిపోర్టు చూపించాకే అడ్వాన్స్ తీసుకుంటాం.

పాడి చివరికి వచ్చేకొద్దీ పాలు తగ్గినా చిక్కబడతాయి. కాబట్టి పనీర్, నెయ్యి కావాలంటే నవంబరు, డిసెంబరు పాలే మంచివి. డిసెంబరు రెండో వారంలోపు చెప్పండి, ఫ్రీజర్‌లో పెట్టుకునేలా ప్యాక్ చేసి ఇస్తాం. ముందే డబ్బు కట్టినవాళ్లకు ఆ మూడు నెలల మొత్తం ఏప్రిల్ నుంచి సర్దుతాం, వెనక్కి కావాలంటే వెనక్కే ఇస్తాం.