పదో తరగతికి ఆటల పీరియడ్ తీయడం లేదు

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది ఒకటే అడిగారు: "పదో తరగతికి ఆటల పీరియడ్ తీసేసి, ఆ గంట లెక్కలు చెప్పించండి మేడమ్." పబ్లిక్ పరీక్షల గురించి మీ టెన్షన్ నాకు తెలుసు. అయినా తీయడం లేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

ఒక తండ్రిగారు బైబిలు వాక్యమే చూపించారు. శరీర సాధకం కొంచెం మట్టుకే ప్రయోజనమని అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు కదా అన్నారు. నిజమే, దైవభక్తి ముందు కసరత్తు చిన్నదే. కానీ ఆ కొంచెం కూడా అక్కర్లేదని పౌలు అనలేదు. అదే పత్రికలో ఇంకాస్త ముందుకెళితే, తిమోతి కడుపు జబ్బునూ తరచుగా వచ్చే బలహీనతనూ పట్టించుకుని సలహా చెబుతాడు. కొరింథీయులకైతే మీ దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని సూటిగానే రాశాడు. క్రిస్మస్ వస్తోందంటే చర్చికి సున్నం వేయిస్తాం, బెంచీలు తుడుస్తాం. ఈ ఆలయాన్ని మాత్రం అర్ధరాత్రి దాకా మేలుకోబెట్టి, పొద్దున్నే ఖాళీ కడుపుతో ట్యూషన్‌కు పంపుతున్నాం.

మొన్న సోమవారం అసెంబ్లీలో ప్రార్థన జరుగుతుండగా పదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి కూలబడింది. నా గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెడితే చేతులు చల్లగా తగిలాయి. రాత్రి ఒంటిగంటకు పడుకుందట, ఐదింటికే లేచిందట, ఏమీ తినలేదట. గ్లూకోజ్ నీళ్లు తాగుతూనే, "మేడమ్, స్లిప్ టెస్ట్ మిస్సయిపోతుందా?" అని అడిగింది. నేనేమీ బోధించలేదు. రెండు ఇడ్లీలు తెప్పించి తినిపించి, బల్ల మీద పడుకోబెట్టాను.

ఆ పిల్ల నిద్రపోతుంటే బైబిల్లోని ఏలీయా గుర్తొచ్చాడు. ఇక చాలు ప్రభువా అని బదరీచెట్టు కింద పడుకున్న ప్రవక్తకు దేవదూత ఉపదేశం చేయలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి తట్టి లేపి తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం వినబడింది ఆ తర్వాతే.

మన పిల్లలాడే బాస్కెట్‌బాల్ కూడా ఇలాంటి విశ్వాసంలోంచే పుట్టింది. ఆ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడాలోని మాంట్రియల్‌లో దైవశాస్త్రం చదివినవాడు. మేలు చేయడానికి ప్రసంగపీఠం ఒక్కటే దారి కాదు, ఆటస్థలంలోనూ కుర్రవాళ్లను తీర్చిదిద్దవచ్చని నమ్మి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) శిక్షణ పాఠశాలకు వెళ్లాడు. 1891 డిసెంబరు చలిలో బయట ఆడే వీల్లేక విసుగెత్తిన 18 మంది విద్యార్థుల కోసం, జిమ్ బాల్కనీకి రెండు పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి 13 నియమాలు రాశాడు. తోయకూడదు, భుజంతో కుమ్మకూడదు, బంతి పట్టుకుని పరుగెత్తకూడదు. పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాట ఆ నియమాల్లో నాకు వినిపిస్తుంది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ మొదలుపెట్టిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల కూడా ఆ బాటలోదే.

ఫిట్‌నెస్ అంటే సన్నగా, అందంగా కనిపించడం కాదు. దయచేసి ఇంట్లో ఏ పిల్లనూ "లావుగా ఉన్నావు, పరుగెత్తు" అనకండి. ఆలయం అన్న మాట ఆ పిల్లకూ వర్తిస్తుంది, పరుగెత్తలేని పిల్లవాడికీ వర్తిస్తుంది. కాలికి బ్రేస్ వేసుకునే మా ఎనిమిదో తరగతి బాబు క్యారమ్స్‌లో అందరినీ ఓడిస్తున్నాడు. నిలబడి చేసే చేతుల వ్యాయామాలు పీఈటీ మాస్టారు విడిగా చేయిస్తున్నారు.

మన బడిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. నేను నా విశ్వాసంలోంచి రాస్తున్నాను. ఒళ్లు దేవుడిచ్చిందన్న మాట మీ ఇళ్లలోనూ ఉన్నదే.

ఐదు నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేం ఇవ్వగలుగుతున్నది వారానికి రెండు పీరియడ్లే. మిగతాది మీ చేతుల్లో ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక, దగ్గరైతే, ఇంటికి నడిచి వెళ్లండి. రాత్రి పదింటికి ఫోన్ తీసుకుని లైటు ఆపేయండి. మంగళ, శుక్రవారాల్లో కాన్వాస్ బూట్లు, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. ఆడపిల్లలకు ట్రాక్ ప్యాంటు తప్పనిసరి. ఒంట్లో బాగాలేకపోతే డైరీలో రాసి పంపితే చాలు, ఆ రోజు ఆడించం.

క్రీస్తు ప్రేమతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు