లక్ష రూపాయల కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు అప్‌లోడ్ ఎంతో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆమధ్య మీ పత్రికలో వీడియో గేములు ఆడుతూ లైవ్ పెట్టి బాగా సంపాదిస్తున్న కుర్రాళ్ల గురించి ఒక కథనం వచ్చింది. నేను కావలిలో కంప్యూటర్ల షాపు నడుపుతున్నాను, అసెంబుల్ చేసి అమ్మడం, రిపేర్లు, పదిహేనేళ్లుగా ఇదే పని. మీ కథనం వచ్చిన వారంలోనే నలుగురు తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని షాపుకి వచ్చారు కాబట్టి మీరు రాసిన దానివల్ల నాకు నాలుగు రూపాయలు మిగిలేదే గానీ పోయేదేం లేదు. అయినా రాత్రి షట్టర్ దించాక కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నానంటే, ఆ నలుగురిలో ఒకాయన వల్ల.

ఆయన అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. "అబ్బయ్యా, వీడికి ఏంది కావాల్నో ఇచ్చెయ్, రొయ్యల పట్టుబడి కాగానే కట్టేస్తా" అన్నాడు. పిల్లోడు ఫోన్‌లో లిస్టు చూపించాడు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, రెండు మానిటర్లు, రంగురంగుల లైట్లు వెలిగే కీబోర్డు, కెమెరా, కుర్చీ. లెక్క కడితే లక్షా పద్దెనిమిది వేలు దాటింది. నేను అడిగింది ఒకటే మాట, మీ ఇంట్లో నెట్ అప్‌లోడ్ ఎంత అని. "హండ్రెడ్ అన్నా" అన్నాడు ఠక్కున. ఇంటికెళ్లి రాత్రి ఎనిమిదికి స్పీడ్ టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్ పంపమన్నాను. పంపాడు. డౌన్‌లోడ్ సెకనుకు 88 మెగాబిట్లు, అప్‌లోడ్ మూడు చిల్లర.

అంతే కదండీ విషయం. మనం సినిమా చూసేటప్పుడు డేటా మన ఇంటికి వస్తుంది, అది డౌన్‌లోడ్; లైవ్ పెట్టేటప్పుడు మన ఇంటి నుంచి పోవాలి, అది అప్‌లోడ్. కాలవ నీళ్లు పొలంలోకి వాటంగా పారడం వేరు, అవే నీళ్లు మోటారు పెట్టి ఎత్తిపోయడం వేరు. 720పీ బొమ్మను సెకనుకు 30 ఫ్రేములతో పంపాలంటే సెకనుకు 4 మెగాబిట్లు కావాలని యూట్యూబే చెబుతుంది, 1080పీ 60 ఫ్రేములకైతే 12. నాలుగు పంపాలంటే లైన్‌లో ఆరన్నా ఉండాలి, ఎందుకంటే ఇంట్లో ఇంకొకళ్లు వాట్సాప్‌లో వీడియో పంపితే అదీ ఆ దారినే పోవాలి కదా. మూడుతో ఆ పిల్లోడు ఎంత మంచి గ్రాఫిక్స్ కార్డు కొన్నా చూసేవాళ్లకి కనబడేది గళ్లగళ్లుగా చెదిరిన బొమ్మే. కొన్ని ఫైబర్ ప్లాన్లలో రెండు వైపులా ఒకే స్పీడు ఉంటుంది, కొన్నిటిలో ఉండదు, సాయంత్రం అందరూ ఇంటికొచ్చాక ఉన్నది కూడా పడిపోతుంది. అడ్వర్టైజ్‌మెంట్‌లో మాత్రం అందరూ పెద్ద నంబరే వేస్తారు. మా షాపు లైన్ గురించి నేను అడిగితే నెట్ కంపెనీ కుర్రాడు "అప్‌లోడ్ ఎవురికి కావాలన్నా, సినిమాలు వస్తన్నాయి కదా" అన్నాడు! బిల్లు మీద అప్‌లోడ్ అంకె కూడా అచ్చు వేయమని నెట్ కంపెనీలకి మీలాంటి వాళ్లన్నా చెప్పాలి.

ఫోన్ హాట్‌స్పాట్‌తో లాగించేద్దాం అనేవాళ్లకి ఒక చిన్న లెక్క. సెకనుకు 4 మెగాబిట్లంటే గంటకి 1.8 జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్లానైతే గంట నిండకముందే ఆట మధ్యలో చక్రం తిరుగుతా ఉంటుంది.

ఇవన్నీ పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. రెండేళ్ల కిందట నేనూ ఒక ఛానల్ పెట్టాను, ఎందుకని అడగొద్దు. మా కుర్రతనంలో నెట్ సెంటర్లలో ఆడిన ఈఏ క్రికెట్ 07 ఉంది చూడండి, అదే ఆట, షాపులో మూలన పడున్న పాత సిస్టమ్ మీద. మొదటి రోజు నలభై నిమిషాలు గొంతు పోయేలా కామెంటరీ చెప్పాను. చూసింది ఇద్దరు, అందులో ఒకటి నా రెండో ఫోనే. రెండోవాడు ఐదో నిమిషంలోనే "సౌండ్ లేదు బ్రో" అని రాసి వెళ్లిపోయాడు, నేను చాట్ వైపు చూస్తే కదా, మైక్ మ్యూట్‌లో ఉంది. మర్నాడు జాగ్రత్తగా మైక్ ఆన్ చేస్తే కుక్కర్ విజిల్సూ, మా ఆవిడ "ఏమయ్యా గ్యాస్ బుక్ చేశావా లేదా" అనడమూ అన్నీ వెళ్లాయి. ఇప్పటివరకు నా ఛానల్లో ఎక్కువ కామెంట్లు వచ్చింది ఆ వీడియోకే.

అందుకే షాపుకొచ్చే పిల్లలకి చెబుతాను, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ మాట వినబడకపోతే ఒక్క నిమిషం కూడా ఉండరు. కెమెరా మొదట్లో అసలు అక్కర్లేదు. కొన్ని వందలకి దొరికే కాలర్ మైక్ చాలు. మన కావలి ఎండలకి ఫ్యాన్ ఆపి కూర్చోవడం ఎవరి వల్లా కాదు కాబట్టి లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ సప్రెషన్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టుకుంటే ఫ్యాన్ చప్పుడు చాలావరకు పోతుంది. ఓబీఎస్ స్టూడియో అనేది పూర్తిగా ఉచితం, దాన్ని కూడా డబ్బులు తీసుకుని ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు, ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అందులో ఎన్‌కోడర్ అనే చోట, అంటే బొమ్మని కుదించి పంపే పని ఎవరికి అప్పజెప్పాలో అడిగే చోట, ప్రాసెసర్ మీద భారం వేయకుండా గ్రాఫిక్స్ చిప్‌ది ఎంచుకుంటే చదువుకి కొన్న ల్యాప్‌టాప్ కూడా చిన్న చిన్న ఆటలకి లాగుతుంది. లైవ్‌కి ముందు పది నిమిషాలు ఊరికే రికార్డు చేసుకుని మనమే వినాలి, నేను చేయనిది అదే. ఇంకో మాట, మన ఛానల్లోకి లైవ్ పంపడానికి స్ట్రీమ్ కీ అని ఒక కోడ్ ఇస్తారు, అది ఇంటి తాళం లాంటిది, స్క్రీన్ మీద కనబడనిస్తే వేరేవాడు మన ఛానల్లో వాడికిష్టమొచ్చింది పెట్టేయగలడు.

వైఫై బదులు రూటర్ నుంచి లాన్ వైరు లాక్కోండి. కరెంటు సంగతి మనకి కొత్తగా చెప్పేదేముంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాను కబురు లేని వారం ఉండదు, రూటర్‌ని ఇన్వర్టర్ మీదకి మార్చుకుంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపూ నడుస్తుంది.

రూల్స్ తెలియకుండా ఏడ్చేవాళ్లు కూడా వస్తుంటారు. యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేయడానికి ఫోన్ నంబర్‌తో వెరిఫై చేసుకోవాలి, ఆ తర్వాత 24 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి ఆదివారం పెట్టాలనుకుంటే శుక్రవారమే మొదలుపెట్టాలి. ఫోన్ నుంచి లైవ్ వెళ్లాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, కంప్యూటర్ నుంచైతే ఆ షరతు లేదు. 2025 జూలై 22 నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు ఒంటరిగా లైవ్ పెట్టడానికి లేదు, పక్కన పెద్దవాళ్లు కనిపించాలి. పదో తరగతి పిల్లోడికి కంప్యూటర్ కొనిపెట్టే తండ్రికి ఈ ముక్క ఎవరూ చెప్పడం లేదు. వెనకాల సినిమా పాట పెట్టారో, ఆ పాట మాది అంటూ హక్కుదారుల నుంచి కాపీరైట్ క్లెయిమ్ వచ్చి కూర్చుంటుంది.

ఇక డబ్బులు. చూసిన గంటల లెక్కన యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, జనం అందరూ కలిపి ఏడాదిలో 4,000 గంటలు చూసి ఉండాలి. రోజూ రెండు గంటలు లైవ్ పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఐదుగురు చూశారనుకోండి, రోజుకి పది గంటలు, నాలుగు వేలు కావడానికి 400 రోజులు, ఏడాదేమో 365తోనే అయిపోయె! మొదట్లో ఐదుగురు రావడమే గొప్ప అని నా ఛానల్ చూస్తే తెలుస్తుంది. మరి ఆ ఏడాదంతా కంప్యూటర్ ఈఎంఐ ఎవరు కడతారు? పైగా ఒక్క ఆటనే నమ్ముకుంటే అది ఉంటుందని ఏముంది, పబ్‌జీ ఆటని మన దేశంలో 2020 సెప్టెంబర్‌లో ఆపారు, దాని బదులొచ్చిన బీజీఎంఐని 2022 జూలైలో ఆపితే మళ్లీ వచ్చేసరికి 2023 మే అయింది. ఇవికాక కాస్త జనం చేరగానే మా యాప్ గురించి ఒక మాట చెప్పు అంటూ బెట్టింగ్ వాళ్ల మెసేజ్‌లు మొదలవుతాయి. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బులు పెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఇది మాత్రం పిల్లల కంటే ముందు తల్లిదండ్రులే తెలుసుకోవాలి.

మీరు తప్పు రాశారని నేనట్లేదు, సంపాదించేవాళ్లు ఉన్నారు. ఈసారి రాసేటప్పుడు వాళ్లు మొదటి ఏడాది ఏ మెషీన్‌తో ఆడారో, ఎంతమంది చూశారో కూడా అడిగి రాయండి.

ఆ అల్లూరు పిల్లోడి చేత నేను కొనిపించింది ఒక మైకు, పది మీటర్ల లాన్ వైరు. నెట్ ప్లాన్ మార్చుకున్నాడు, పాత ల్యాప్‌టాపే. శనివారం రాత్రుల్లో ఆడతాడు, మన యాసలోనే మాట్లాడతాడు, హిందీవాళ్లని చూసి "గాయ్స్ గాయ్స్" అనకుండా, నాకు నచ్చింది అదే. మొన్న నేను చూస్తున్నప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. ఆట మంచి పట్టులో ఉండగా చాట్‌లో వాళ్ల నాయన కామెంటు పడింది, గుంట కాడ కరెంటు పోయింది, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి, ఫోన్ ఎత్తవేంది, జనరేటర్ రూము తాళం ఎక్కడ పెట్టావు అని. పిల్లోడు ఆట ఆపకుండానే లైవ్‌లో చెప్పేశాడు, "నాయనా, గూట్లో ఇన్సులిన్ డబ్బా ఎనకాల ఉండాది చూడు."

ఇట్లు,
ఒక కంప్యూటర్ షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా