ఫ్లెక్సీ మీద ఒక్క ఏడాది లెక్క

సంపాదకుడు గారికి,

మా ఊరి బైపాస్ మలుపు దగ్గర స్పీడ్ బ్రేకర్ వేశారు. ‘నిరుటి కంటే ప్రమాదాలు తగ్గాయి’ అని పక్కనే ఫ్లెక్సీ కట్టారు. తగ్గితే సంతోషమే. కానీ బ్రేకర్ వేసిందే నిరుడు వరసగా ప్రమాదాలు జరిగి గొడవైతే! అంత చెడ్డ ఏడాది తర్వాత ఏమీ చేయకపోయినా లెక్క కొంత దిగుతుంది. పైగా ఈసారి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోయలేదు. దాని సంగతేంటి?

బ్రిటన్‌లో 1983 జనవరి 31 నుంచి కారు ముందు సీట్లలో బెల్టు తప్పనిసరి చేశారు. హార్వే, డర్బిన్ అనే గణాంకవేత్తలు దాని ఫలితాన్ని ముందు ఏడాదితో పోల్చి ఊరుకోలేదు. 1969 నుంచి ప్రమాదాల్లో చనిపోయిన, గాయపడ్డ వాళ్ల లెక్కలు నెలనెలా తీశారు. చలికాలంలో పెరిగే ప్రమాదాలను, పెట్రోలు ధరను, కార్లు తిరిగిన దూరాన్ని కలుపుకున్నారు. చట్టం రాకపోతే ఆ లెక్కల గీత ఎటు పోయేదో అంచనా కట్టి, అసలు గీత ఎంత కిందికి విరిగిందో చూశారు. చట్టం వర్తించని వెనక సీటు వాళ్ల లెక్కతోనూ పోల్చారు.

మన పోలీస్ స్టేషన్లలో ఎఫ్‌ఐఆర్‌లు తేదీలతో సహా ఉంటాయి. ఐదేళ్ల లెక్క నెలవారీగా ఇవ్వాలి, బ్రేకర్ లేని పక్క మలుపుది కూడా. ఫ్లెక్సీ ఎలాగూ గాలికి సగం చిరిగింది.

- ఒక పాఠకుడు