ఆ బ్రెడ్డు ముక్కను ఇప్పుడే పారేయకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడో తరగతి పిల్లలు ఈ నెల సైన్సులో శిలీంధ్రాల పాఠం చదువుతున్నారు. మీ ఇంట్లో ఏ మూలనో జిప్ కవర్లో బ్రెడ్డు ముక్క కనిపిస్తే కంగారు పడకండి. అది హోంవర్కే.

బూజు, ఈస్ట్, పుట్టగొడుగు అన్నీ శిలీంధ్రాలే. చాలాకాలం వీటిని మొక్కల్లోనే కలిపేశారు. 1969లో అమెరికా శాస్త్రవేత్త విటేకర్ జీవులను ఐదు రాజ్యాలుగా విడదీసినప్పుడు వీటికంటూ ఒక రాజ్యం ఇచ్చారు. పత్రహరితం లేదు కాబట్టి ఇవి సొంతంగా ఆహారం తయారు చేసుకోలేవు. వీటి కణకవచంలో కైటిన్ ఉంటుంది. పురుగుల, రొయ్యల పెంకుల్లో ఉండేదీ అదే. జన్యువుల లెక్కన చూస్తే ఇవి మొక్కల కన్నా జంతువులకే, అంటే మనకే, దగ్గరి చుట్టాలు. ఈ మాట పిల్లలు ఒక పట్టాన నమ్మరు!

మనం తిన్నాక అరిగించుకుంటాం. ఇవి ముందు అరిగించుకుని ఆ తర్వాత తింటాయి. బూజు బ్రెడ్డులోకి కంటికి ఆనని తంతువులు చొప్పించి ఎంజైములు వదులుతుంది. పిండిపదార్థం చక్కెరగా మారాక పీల్చుకుంటుంది. కవర్లోని ముక్కను రోజూ గమనిస్తే ముందు తెల్లగా దూదిలాంటి నూగు వస్తుంది. తర్వాత దాని మీద పచ్చగానో నల్లగానో పొడి తేలుతుంది. ఆ రంగు సిద్ధబీజాలది, అంటే కొత్త బూజు మొలవడానికి విత్తనాల్లా పనికొచ్చే కణాలది. రంగు మన కంట పడేసరికే తంతువులు లోపలికి పాకి ఉంటాయి. అందుకే బూజు పట్టినంత మేర తుంచేసి మిగతాది తినకూడదు.

పుట్టగొడుగు సంగతీ అంతే. పైకి కనిపించేది కాసేపటి ముచ్చట, అసలు శరీరం నేలలోనో కుళ్లిన దుంగలోనో ఉంటుంది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఒక అడవి కింద ఒకే ఒక్క శిలీంధ్రం 9 చదరపు కిలోమీటర్లకు పైగా పాకి ఉంది. దాని వయసు 2,000 ఏళ్ల పైమాటేనని అంచనా.

చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను పూర్తిగా విరగ్గొట్టగలిగేవి ముఖ్యంగా శిలీంధ్రాలే. ఇవి లేకపోతే పడిపోయిన చెట్లు పడిపోయినట్టే పేరుకుపోతాయి, వాటిలోని పోషకాలు నేలకు తిరిగి చేరవు. బతికున్న చెట్లకూ వీటితో పని ఉంది. చాలా మొక్కల వేళ్లను అంటిపెట్టుకుని ఉండి నేలలోని ఫాస్ఫరస్ అందిస్తాయి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. ఈ పొత్తుకు 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టారు.

చర్మానికి పట్టే తామర, పంట తెగుళ్లు వంటి నష్టాల గురించి పాఠంలో ఎలాగూ ఉంది. నాకున్న చిన్న ఫిర్యాదల్లా బూజు నుంచి వచ్చిన మందు పెన్సిలిన్ కథ మీదే. 1928లో ఫ్లెమింగ్ కనిపెట్టారనే దగ్గరే అందరూ ఆగిపోతారు. అది మందుగా మారడానికి పదేళ్లకు పైనే పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ బృందం ఆ పని చేసింది. బూజు పెంచడానికి పాత్రలు చాలక ఆ బృందంలోని హీట్లీ ఆసుపత్రి బెడ్‌పాన్‌లు కూడా వాడారు. 1945 నోబెల్ బహుమతి ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు వచ్చింది, హీట్లీకి రాలేదు. ఇది న్యాయమేనా అని క్లాసులో చర్చ పెట్టమని టీచర్లకు చెప్పాను.

ఇక జాగ్రత్తలు. కవర్ తెరవద్దు, వాసన చూడొద్దు, పని అయ్యాక అలాగే చెత్తబుట్టలో వేయాలి. ఆస్తమా, అలర్జీ ఉన్న పిల్లలు ఈ ప్రయోగం చేయనక్కర్లేదు, క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి. బయట మొలిచిన పుట్టగొడుగులను చూడొచ్చు, ఫొటో తీయొచ్చు, నోట్లో మాత్రం పెట్టకూడదు. కొన్నింటి విషం ఉడికించినా పోదు. వాంతులు మొదలవడానికే గంటలు పడుతుంది, ఈలోగా కాలేయం దెబ్బతినడం మొదలై ఉండొచ్చు. పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పరిశీలనల నోట్సు శుక్రవారం తెస్తే చాలు. బ్రెడ్డు ముక్కను మాత్రం దయచేసి బడికి పంపకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు